కుక్కతో మాట కలపడం: బ్యాలెన్స్‌డ్ ట్రైనింగ్ మొదటి అడుగు నుంచి

ఇంట్లో కుక్క ఉంటే మనం రోజంతా దానితో మాట్లాడుతూనే ఉంటాం. "ఏరా, తిన్నావా?", "పోరా అవతలికి", "చూడరా ఎవరొచ్చారో", "ఇటు రారా". నాలుగు మాటల్లోనూ "రా" ఉంది. ఒకదానికి కుక్క మన దగ్గరికి రావాలి, ఒకదానికి దూరం పోవాలి, మిగతా రెండింటికీ ఏమీ చేయనక్కర్లేదు. ఈ తేడా దానికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్లకు "రా" అనే శబ్దాన్ని ఫ్యాను చప్పుడులాగా పట్టించుకోవడం మానేస్తుంది. అప్పుడు మనం "మొండిది, మాట వినదు" అంటాం.

మా నల్లోడి విషయంలో నేను చేసిన మొదటి తప్పు ఇదే. తిరుపతి కొర్లగుంటలో, ఒక వానరోజు మా గేటు కింద దూరి వచ్చిన ఊరకుక్క పిల్ల వాడు. ఏడాది పాటు "రా, రా" అని అరిచాను. ఆలస్యంగా వస్తే తిట్టాను. అంటే, దగ్గరికి వస్తే తిట్లు పడతాయని స్వయంగా నేనే నేర్పాను. తర్వాత ఆ మాటే మార్చేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను.

బ్యాలెన్స్‌డ్ అంటే ఏమిటి

జంతువు ఒక పని చేస్తే వచ్చే ఫలితాన్ని బట్టి ఆ పని పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ దీన్ని ప్రయోగాలతో వివరంగా చూపించాడు. ఆ ఫలితం నాలుగు రకాలు: నచ్చింది ఇవ్వడం, నచ్చింది తీసేయడం, నచ్చనిది కలిగించడం, నచ్చనిది ఆపేయడం. రివార్డులతోనే నేర్పేవాళ్లు ఎక్కువగా మొదటి రెండింటి మీద ఆధారపడతారు. బ్యాలెన్స్‌డ్ పద్ధతి వాళ్లు నాలుగూ వాడతారు.

ఈ పేరుతో ముళ్ల కాలర్లు, షాక్ కాలర్లు వాడేవాళ్లూ ఉన్నారు కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను. నేను అవి వాడను, వాడమని ఎవరికీ చెప్పను. వేల్స్ దేశం 2010లోనే షాక్ కాలర్లను నిషేధించింది. జంతు ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో, ఏ కుక్కకైనా రివార్డు పద్ధతే వాడమని సిఫారసు చేసింది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నేను చెప్పే బ్యాలెన్స్‌లో నేర్పడమంతా తిండితో, ఆటతో, మెచ్చుకోలుతో జరుగుతుంది. దిద్దడం అనేది చాలా కొంచెం. అదీ కుక్కకు మాట పూర్తిగా వచ్చాకే.

"నువ్వే బాస్ అని దానికి చూపించు, వెల్లకిలా పడేసి తొక్కిపట్టు" అనే సలహా మనకు వీధికొకరు ఇస్తారు. దయచేసి వినకండి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బోనులో ఉన్న తోడేళ్లను గమనించి రాసిన దాని నుంచి ఈ ఆలోచన పెరిగింది. తోడేళ్ల మీద జీవితమంతా పనిచేసిన డేవిడ్ మీచ్ మొదట అదే చెప్పినా, అడవిలో గుంపు అంటే తల్లి, తండ్రి, పిల్లలు ఉన్న కుటుంబమేనని 1999లో తానే సరిదిద్దాడు. వెల్లకిలా పడేస్తే కుక్కకు మన మీద గౌరవం రాదు, మన చేతులంటే భయం వస్తుంది.

మొదటి అడుగు: ముందు డాక్టరు దగ్గరికి

మాట విననిది, ఉన్నట్టుండి గుర్రుమనేది, మెడ ముట్టనివ్వనిది నొప్పితో ఉండొచ్చు. చెవిలో చీము, పంటి నొప్పి, కాలివేళ్ల మధ్య గోమార్లు ఉన్న కుక్కకు ట్రైనింగ్ ఇవ్వడం అన్యాయం. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, దాని ఆసుపత్రి ఉంది. ఒకసారి చూపించండి. నులిపురుగుల మందు, టీకాలు పూర్తి చేయండి. రేబిస్ టీకా మూడో నెలలో మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన బూస్టర్లు తప్పకుండా వేయించండి.

పిల్ల అయితే మూడో వారం నుంచి పద్నాలుగో వారం వరకు బంగారం లాంటి కాలం. ఆ వయసులో చూసినవన్నీ దానికి మామూలు విషయాలు అయిపోతాయి. టీకాలు పూర్తికాక ముందు నేల మీద దించకుండా చేతుల్లో ఎత్తుకుని ఆటో చప్పుడు, హెల్మెట్ మనిషి, గొడుగు, గుడి గంట చూపించండి, వినిపించండి.

రెండో అడుగు: అది చెప్పేది మనం నేర్చుకోవాలి

చాలా మంది దీన్ని వదిలేస్తారు. నాకైతే మొత్తం పనిలో ఇదే ముఖ్యం. మనం ఒక మాట నేర్పే లోపు కుక్క మనకు వంద మాటలు చెప్పి ఉంటుంది.

వారం రోజులు ఏమీ నేర్పకుండా ఊరికే చూడండి. తిండి దగ్గర లేకపోయినా పెదవులు నాకుతుందా? నిద్ర రాకుండానే ఆవలిస్తుందా? తల పక్కకు తిప్పి కంటి తెల్లభాగం కనబడేలా ఓరచూపు చూస్తుందా? ఒళ్లు తడవకుండానే విదిలించుకుంటుందా? ఇవన్నీ "నాకు ఇబ్బందిగా ఉంది" అనడమే. తోక ఊపితే సంతోషమే అనుకోవద్దు. నడుము కూడా ఊగేలా వదులుగా ఊపితే సంతోషం. తోక నిటారుగా నిలబెట్టి కొసను మాత్రం గబగబా ఆడిస్తుంటే అది టెన్షన్. ఒళ్లు ఒక్కసారి బిగుసుకుని కదలకుండా నిలబడిపోతే అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది అప్పుడే.

మా పాప చిన్నప్పుడు నల్లోడి మెడ చుట్టూ చేతులేసి హత్తుకునేది. వాడు తల తిప్పుకుని పెదవి నాకేవాడు. మేము ముచ్చటగా ఫోటోలు తీసుకున్నాం. ఒకరోజు గుర్రుమన్నాడు. మా అవ్వ "పసిబిడ్డ మీదికి గుర్రుమంటాడా!" అని చీపురు ఎత్తింది. ఇప్పుడు ఆ ఫోటోలు చూస్తే ప్రతిదాంట్లోనూ వాడు వదలమని అడుగుతూనే ఉన్నాడు. మాకే చదవడం రాలేదు.

గుర్రుమన్నందుకు కుక్కను కొట్టకండి. గుర్రు అంటే కరవబోయే ముందు అది ఇచ్చే చివరి నోటీసు. దాన్ని కొట్టి ఆపిస్తే నోటీసు పోతుంది, కాటు మాత్రం మిగులుతుంది. గుర్రుమన్నప్పుడు బిడ్డను పక్కకు తీయండి, కుక్కకు దారి ఇవ్వండి, ఎందుకలా చేసిందో తర్వాత ఆలోచించండి.

మూడో అడుగు: ఇంట్లో అందరిదీ ఒకే మాట

నేను "కమ్" అంటాను, మా ఆవిడ "ఇటు రా" అంటుంది, అవ్వ "బా బా" అంటుంది, పాప ఈల వేస్తుంది. నలుగురు నాలుగు భాషలు మాట్లాడితే ఏ కుక్కా నేర్చుకోదు. ఒక కాగితం మీద మాటలు రాసి ఫ్రిజ్‌కు అంటించండి. మా కాగితంలో ఉన్నవి ఇవి:

దా: నా దగ్గరికి వచ్చేయ్.
కూర్చో.
చోటు: నీ గోనెపట్టా మీదికి వెళ్లి అక్కడే ఉండు.
వదులు: నోట్లోది కింద పెట్టు.
భేష్: ఇప్పుడు చేసింది సరైనది, తిండి వస్తోంది.
ఊహూఁ: అది కాదు, మళ్లీ ప్రయత్నించు.
ఫ్రీ: పని అయిపోయింది, నీ ఇష్టం.

"భేష్" ఎందుకంటే ఈ రోజుల్లో మామూలు మాటల్లో ఎవరూ పెద్దగా వాడరు. పొట్టిగా, గట్టిగా పలుకుతుంది. "మంచోడు", "సరే" లాంటివి రోజుకు వందసార్లు దొర్లుతాయి, అందుకే పనికిరావు. పేరును పిలవడానికే వాడండి, తిట్టడానికి వాడకండి. "నల్లోడా!" అని కోపంగా అరిచిన ప్రతిసారీ ఆ పేరు విలువ కొంచెం తగ్గుతుంది.

నాలుగో అడుగు: "భేష్"కు విలువ తేవడం

కబడ్డీలో రెఫరీ విజిల్ సరిగ్గా ఆ క్షణానికే వేస్తాడు కదా, "భేష్" కూడా అలాంటిదే. కుక్క సరైన పని చేసిన ఆ క్షణాన్ని అది పట్టి చూపిస్తుంది. తిండి జేబులోంచి తీసేలోపు కుక్క లేచి తోక ఊపి ఉంటుంది. మాట మాత్రం ఆలస్యం కాకూడదు.

ఉప్పు, కారం లేకుండా ఉడికించిన చికెన్‌ను బఠానీ గింజంత ముక్కలు చేయండి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో "భేష్" అనండి, ఒక సెకను లోపు ముక్క ఇవ్వండి. మాట ముందు, చేయి తర్వాత. రెండూ ఒకేసారి జరిగితే కుక్క చేతినే చూస్తుంది, మాట వినదు. పూటకు పదిహేను సార్లు, రెండు మూడు రోజులు చేయండి. తర్వాత అది ఎటో చూస్తున్నప్పుడు "భేష్" అనండి. గిరుక్కున తిరిగి మీ ముఖం చూస్తే మాట ఎక్కినట్టే.

ఆ ముక్కల లెక్క రోజు తిండిలోంచి తగ్గించండి. ఇంకొక ముఖ్యమైన విషయం, మన ఊరిలో ప్రత్యేకంగా చెప్పాల్సింది: తిరుమల లడ్డూ కుక్కకు పెట్టకండి. ప్రసాదం కదా అని ప్రేమతో పెడతారు. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్కల మూత్రపిండాలను దెబ్బతీయగలదు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ కూడా వద్దు.

ఐదో అడుగు: కూర్చో, చోటు

"కూర్చో" సులువు. ముక్కను ముక్కుకు దగ్గరగా పట్టి తల మీదుగా వెనక్కి తీసుకెళ్లండి. తల పైకి లేస్తే నడుము కిందికి దిగుతుంది. నేలకు తగలగానే "భేష్". నాలుగైదు సార్లు అయ్యాక చేతిలో ముక్క లేకుండా అదే సైగ చేయండి. ఆ తర్వాతే మాట జోడించండి. మాట ఒక్కసారే చెప్పాలి. "కూర్చో కూర్చో కూర్చో" అంటే మూడోసారికి కూర్చోవాలని నేర్పినట్టే.

"చోటు" నేర్పడానికి ఓపిక కావాలి, కానీ ఇంటికి ఇంతకన్నా పనికొచ్చేది లేదు. ఒక గోనెపట్టా నాలుగు మడతలు వేసి మూలన పరచండి. దాని మీద కాలు పెడితే "భేష్", ముక్క పట్టా మీదే వేయండి. నాలుగు కాళ్లూ పెడితే ఇంకా మంచి ముక్క. అక్కడ రెండు సెకన్లు ఉంటే "భేష్", తర్వాత ఐదు, పది. చివరికి "ఫ్రీ" అని వదలండి. వదలడం మరిచిపోతే అది తనంతట తానే లేస్తుంది, అప్పుడు తప్పు మనదే. సేపు పెంచేటప్పుడు దూరం పెంచకండి. దూరం పెంచేటప్పుడు తలుపు బెల్లు మోగించకండి. ఒకసారికి ఒక్కటే కష్టం చేయాలి.

ఒక్కో పాఠం మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకు మూడుసార్లు, తిండికి ముందు. చేయలేకపోతుంటే సులువైనది ఒకటి అడిగి, చేయగానే మెచ్చుకుని, ఆ పూటకు ఆపేయండి.

ఆరో అడుగు: తాడు కూడా ఒక మాటే

మా తాత చేతిలో ఎద్దుల పగ్గం చూసినవాణ్ణి నేను. ఆయన పగ్గం ఎప్పుడూ వదులుగా వేలాడేది. రెండు వేళ్లతో కదిపితే ఎద్దు తిరిగేది. తిరగగానే వదిలేసేవాడు. పగ్గం ఎప్పుడూ బిగించి పట్టే మనిషి ఎద్దు మొరటుబారిపోతుందని అనేవాడు. కుక్క తాడు విషయం అచ్చంగా ఇంతే.

వెడల్పాటి మామూలు బెల్టు, ఆరడుగుల నూలు లేదా నైలాన్ తాడు తీసుకోండి. ఇనుప గొలుసు వద్దు, దాని బరువు వల్ల మనం చెప్పే చిన్న సంగతి దానికి తెలియదు. పగ్ లాంటి చప్పిముక్కు కుక్కలకు, చిన్న కుక్కపిల్లలకు, గొంతు సమస్య ఉన్నవాటికి బెల్టుకు బదులు ఛాతీకి వేసే హార్నెస్ వాడండి.

ముందు ఇంట్లోనే చేయాలి. రెండు వేళ్లతో తాడును ఒక పక్కకు కాస్త బిగించి పట్టుకోండి. లాగకూడదు, ఊరికే పట్టుకుని ఆగాలి. కుక్క ఒకటి రెండు సెకన్లు ఆలోచిస్తుంది. ఆ వైపు ఒక్క అంగుళం వంగినా సరే, వెంటనే తాడు వదులు చేసి "భేష్" అని ముక్క ఇవ్వండి. నేర్పేది బిగింపు కాదు, వదలడమే. "నేను ఇటు వస్తే ఆ బిగువు పోతుంది, బిగువును ఆపడం నా చేతిలోనే ఉంది" అని కుక్కకు తెలిసిన రోజు దాని భయం పోతుంది. నల్లోడికి ఇది నాలుగు రోజుల్లో వచ్చింది. నా చేతికి రావడానికి మాత్రం నెల పట్టింది. కంగారు పడగానే నాకు తెలియకుండానే పిడికిలి బిగుసుకునేది.

తర్వాత వీధిలోకి. తాడు బిగిస్తే ఆగండి, లేదా వెనక్కి తిరిగి నడవండి. పక్కకు వచ్చి తాడు వదులుకాగానే "భేష్", మళ్లీ ముందుకు. మొదటి వారం మీరు ఇంటి ముందు నాలుగు స్తంభాల దూరం కూడా దాటకపోవచ్చు. పరవాలేదు. అయితే వాసన చూడనివ్వండి. మనం పొద్దున పేపరు చదివినట్టే అది ఆ గోడ చదువుకుంటుంది. మూడు నిమిషాలు చక్కగా నడిస్తే "ఫ్రీ" అని రెండు నిమిషాలు ముక్కుకు సెలవివ్వండి. తిండి అక్కర్లేని రివార్డు అది.

ఏడో అడుగు: దా

ఈ మాట ఒక్కటి కుక్క ప్రాణం కాపాడుతుంది. హార్డ్‌వేర్ షాపులో పది మీటర్ల మెత్తని తాడు కొని ఖాళీ స్థలంలో మొదలుపెట్టండి. దూరం పోనివ్వండి. అది తనంతట మీ వైపు చూసిన క్షణంలో "దా!" అని సంతోషంగా పిలిచి రెండు అడుగులు వెనక్కి పరుగెత్తండి. వచ్చాక ఒక్క ముక్క కాదు, ఐదారు ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వండి. ఇచ్చాక మళ్లీ వదిలేయండి. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు తిరిగి ఆటకు పంపాలి. పిలిచిన ప్రతిసారీ బెల్టు వేసి ఇంటికి తెస్తే "దా" అంటే ఆట ముగిసిందని అర్థం చేసుకుంటుంది.

స్నానం చేయించడానికి, మాత్ర వేయడానికి "దా" అనకండి, మీరే వెళ్లి తెచ్చుకోండి. ఎంత ఆలస్యంగా వచ్చినా, రోడ్డు దాటి వచ్చినా, వచ్చినందుకు మెచ్చుకోండి. మీ గుండె దడ తర్వాత చూసుకోవచ్చు.

ఎనిమిదో అడుగు: దిద్దడం

దిద్దే ముందు నన్ను నేను అడిగే ప్రశ్నలు ఉన్నాయి. ఈ మాట దానికి నిజంగా వచ్చా? ఇంట్లో, మేడ మీద, వీధిలో పదిసార్లు అడిగితే కనీసం ఎనిమిదిసార్లు చేస్తుందా? ఇప్పుడు భయపడి ఉందా, నొప్పితో ఉందా? నేను కోపంలో ఉన్నానా? మాట రాకపోతే మళ్లీ నేర్పాలి. భయంతో ఉంటే దూరం తీసుకెళ్లాలి. నేను కోపంలో ఉంటే ఆ పూట ట్రైనింగ్ లేదు.

అన్నీ సరిగ్గా ఉండి, వచ్చిన పనిని ఆటగా ఎగ్గొడుతుంటే, మొదట మామూలు గొంతుతో "ఊహూఁ". అరవక్కర్లేదు, కుక్కకు మనకన్నా బాగా వినబడుతుంది. అప్పుడూ చేయకపోతే ఆరో అడుగులో నేర్పిన ఆ తాడు బిగువు, రెండు వేళ్లతో, మాట పాటించే వరకు. పాటించగానే వదిలి "భేష్". ఆట మితిమీరి చేతులు కొరుకుతుంటే ఆట ఆగిపోతుంది, నేను లేచి అర నిమిషం పక్క గదిలోకి వెళ్తాను. బంతి లాక్కుంటే బంతి అల్మారాలోకి పోతుంది. ఇంతే. దిద్దిన ఐదు సెకన్లలో కుక్కకు మళ్లీ సరిగ్గా చేసే అవకాశం ఇచ్చి, చేస్తే మెచ్చుకుని ముగించాలి.

చెప్పు, కర్ర, చేతి దెబ్బ, మెడ పట్టి ఎత్తడం, ముక్కును మూత్రంలో రుద్దడం దిద్దడం కిందికి రావు. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960 నుంచే ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆఫీసు నుంచి వచ్చాక గంటల కిందట కొరికిన చెప్పును చూపించి కొడితే కుక్కకు ఒక్కటే అర్థమవుతుంది: ఈ మనిషి ఇంటికి రాగానే భయపడాలి. తల వంచి చెవులు వాల్చేది తప్పు తెలిసి కాదు, మీ ముఖం చూసి.

కొన్ని వారాలు బాగా చేసి ఉన్నట్టుండి అన్నీ మరిచినట్టు చేయడం మామూలే, ముఖ్యంగా ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వయసులో. అప్పుడు శిక్ష పెంచకండి, రెండు అడుగులు వెనక్కి వెళ్లండి. మనిషిని కరిచిన కుక్కకు, భయంతో మూల నక్కే కుక్కకు ఈ అడుగు అసలు వర్తించదు. పశువైద్యుడి సాయంతో ఒక పద్ధతి వేసుకోండి. కాటు పడితే పావుగంట సేపు ధారగా పారే నీళ్లలో సబ్బుతో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

తొమ్మిదో అడుగు: మన ఊరి వీధుల్లోకి

మే నెలలో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అరచేయి వెనక వైపు తారు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలకూ అది కాలుతుంది. ఉదయం ఆరున్నర లోపు, రాత్రి ఏడు తర్వాత నడిపించండి. అయితే అలిపిరి, యూనివర్సిటీ వైపు కొండ అంచుల్లో మాత్రం చీకటి వేళ వద్దు. ఆ పక్క చిరుతలు తిరుగుతాయి, కుక్కలు వాటికి తిండి.

వీధికుక్కలు ఎదురైతే మన పిడికిలి బిగుస్తుంది, ఆ బిగువు తాడు మీదుగా కుక్క మెడకు చేరుతుంది, అది మొరుగుతుంది. గుంపును దూరం నుంచే చూసి, మన కుక్క ఇంకా ప్రశాంతంగా ఉండగానే "భేష్" అని ముక్క ఇచ్చి, అడ్డంగా మళ్లి వంపు తిరిగి వెళ్లండి. ఎదురెదురుగా నేరుగా నడిచిపోవడం కుక్కల భాషలో దబాయింపు. ఈరోజు ముప్పై అడుగుల దూరంలో కుదిరితే వచ్చే వారం ఇరవై ఐదు.

మన ఇళ్లకు దర్శనానికి బంధువులు వస్తూనే ఉంటారు. రాత్రి జుట్టుతో పడుకున్న మా బాబాయి మరుసటి రోజు గుండుతో, తలకు చందనంతో కొండ దిగి వస్తే నల్లోడు గుర్తుపట్టలేక గొంతు పగిలేలా మొరిగాడు. అది తప్పు కాదు. "చోటు"కు పంపి, వచ్చినవారిని కుక్క వైపు చూడకుండా కూర్చోమనండి. పది నిమిషాలయ్యాక దాన్నే వచ్చి వాసన చూడనివ్వండి.

గంగమ్మ జాతర వారం, దీపావళి రెండు రోజులు మాత్రం అన్నిటికన్నా కష్టం. బైరాగి వేషం, బండ వేషం వేసుకున్నవాళ్లు వీధిలో నడుస్తుంటే కుక్కకు అవి మనుషుల ఆకారాలుగా తోచవు. దానికి తోడు పలకల మోత. నెల ముందు నుంచే ఫోనులో పలకల శబ్దం చాలా చిన్నగా పెట్టి, అది వినబడుతున్నంత సేపూ గోనెపట్టా మీద చికెన్ పెట్టండి. చెవి ఆడించి ఊరుకునేంత చిన్నగా ఉండాలి. తినడం మానేసిందంటే శబ్దం ఎక్కువైనట్టే, తగ్గించండి. వారానికి కొంచెం పెంచండి. ఆ రోజు మాత్రం బయటికి తీయకండి, లోపలి గదిలో ఫ్యాను వేసి, తలుపులు మూసి దగ్గర కూర్చోండి. భయపడుతున్న కుక్కను నిమిరితే భయం పెరుగుతుందనేది నిజం కాదు, నిమరవచ్చు. మరీ వణికిపోయేవాటికి మందులున్నాయి, వారం ముందే డాక్టరును అడగండి.

పోయిన జాతరకు పలకల మోత మా వీధి మలుపు తిరగగానే నల్లోడు వణికాడు. ఇంతకు ముందైతే మంచం కింద దూరి తెల్లారేదాకా వచ్చేవాడు కాదు. ఈసారి ఎవరూ చెప్పకుండానే వెళ్లి గోనెపట్టా మీద పడుకుని నా వైపు చూశాడు. మా అవ్వ వంటింట్లోంచి చూసి, నాకన్నా ముందే "భేష్" అంది.